రిజిస్టరు నిండా దుబాయే

మా చిన్నమ్మకు పాస్‌పోర్టు వచ్చిన నెలలోనే మా ఆర్మూర్‌లో బ్యాంకు బ్రాంచి కొత్త భవనంలోకి మారింది. ఈ రెండు సంగతులకూ ఒకదానితో ఒకటి పని లేదు. మధ్యలో నేను ఉండటం వల్ల పని పడింది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. మా రెండిళ్లకూ ఒకటే గోడ. మా అమ్మ పోయిన తర్వాత నాకు అన్నం పెట్టే హక్కూ, నన్ను తిట్టే హక్కూ ఆమె తీసుకుంది. నాకు యాభై దాటినా రెండింటినీ వదల్లేదు. పెళ్లయిన నాటి నుంచి బీడీలు చుట్టింది. ఇప్పుడు పింఛను వస్తున్నా, ఒళ్లో చాట లేకపోతే ఆమెకు మాట సాగదు. ఒక్కతే కూతురు. ఆ చెల్లె దుబాయిలో ఒక ఆసుపత్రిలో నర్సు, ఆమె భర్త అక్కడే బస్సు నడుపుతాడు. రమ్మని వాళ్లు ఎన్ని ఏళ్లు పిలిచినా, "నేనొస్తే ఆకులెవరు కత్తిరిస్తరు" అని దాటేసేది. ఈసారి ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో కూతురికి చెప్పలేదు, నాకు చెప్పింది.

"మీ చిన్నాయన పోయిన జాగ ఒక్కపారి చూసొస్తరా. మోకాళ్లు మాట విన్నన్ని దినాలే పోవాలె."

చిన్నాయన తాపీ మేస్త్రీ. నేను చిన్న బడిలో ఉండగా దుబాయి పోయాడు. ఒకసారి వచ్చాడు, మళ్లీ పోయాడు, ఇక రాలేదు. జ్వరం వచ్చి చనిపోయాడని కబురు వచ్చింది. శవం రాలేదు. కొన్ని నెలలు గడిచాక పెద్దవాళ్లు గోదావరికి పోయి వచ్చారు, పిల్లలను తీసుకుపోలేదు. అప్పటికి చిన్నమ్మ వయసు ఇప్పటి మా పెద్దమ్మాయి వయసంత ఉంటుంది.

ఆమె ఆ మాట అన్న రోజు నేను ఊరుకుని ఉండవలసింది. కానీ ఏ అంకె చెప్పినా అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం నాకు అలవాటు.

"ఏ దుబాయి చిన్నమ్మా?" అన్నాను.

"ఏ దుబాయేందిరా? ఎన్ని దుబాయిలున్నయి?"

"మనోళ్లు సౌదీ పోయినా దుబాయే అంటరు, కువైట్ పోయినా దుబాయే అంటరు గదా. చిన్నాయన సక్కగ దుబాయికే పోయిండా?"

చాటలో ఆమె చేయి ఆగింది. "దుబాయి పోతున్న అన్నడు. నిజామాబాద్ టేషన్ దాక నేను పోయిన. బొంబాయి బండెక్కిండు. గంతే నాకెరుక."

"మరి..."

"మరేంది? పాస్‌పోర్టు చేతికొచ్చినంక అడుగుతున్నవా గీ మాట? ముందుగాల నీ నోరేమయింది?" కాసేపు ఆకు చుట్టి, దారం కట్టి, మళ్లీ తనే అంది. "వేరే దేశమైతే నేనెందుకు పోవుడురా? పిల్లను దినాం సెల్లుల చూస్తనే ఉన్న. తప్పు జాగకు పోయి దండం పెట్టి వస్తనా? అందరి లెక్కలు నువ్వే తీస్తవు గదా. ఇది గుడ తియ్యి."

అలా ఆ పని నా మీద పడింది. టికెట్టు తీసే లోపల తేల్చాలి.

మా ఆర్మూర్ చుట్టుపక్కల దుబాయి అనేది ఒక ఊరు కాదు, ఒక దిక్కు. సముద్రం దాటి పడమటికి పోయిన ప్రతివాడూ దుబాయి పోయినట్టే. మా గల్లీ చివర సౌదీలో ఒంటెలు కాసి వచ్చిన మనిషి ఉన్నాడు. ఆయన ఆ దేశం వదిలి మరో దేశంలో అడుగు పెట్టలేదు. ఆయన ఇంటిని అందరూ దుబాయోళ్ల ఇల్లు అంటారు, ఆయన కూడా అంటాడు. ఈ అలవాటు ఎవరికీ నష్టం చేయలేదు. మా చిన్నమ్మకు మాత్రం ఇన్నేళ్ల తర్వాత అడ్డం వచ్చింది.

చిన్నాయన ఉత్తరాలు రాసి ఉంటే కవరు మీద ఏదో ఒక ముద్ర ఉండేది. చిన్నమ్మకు చదువు రాదు కాబట్టి ఆయన ఉత్తరాలు రాయలేదు, క్యాసెట్లు పంపేవాడు. ఎవరైనా ఊరికి వస్తుంటే వాళ్ల చేతికి ఇచ్చేవాడు. తెచ్చినవాళ్లెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆ క్యాసెట్లు వినడానికి మేమంతా గుమిగూడేవాళ్లం. మధ్య మధ్య గదిలోని మిగతా వాళ్లు నవ్వడం వినిపించేది. "పిల్లకు జలుబు తగ్గిందా?" అని అడిగి, జవాబు వినపడుతుందన్నట్టు కాసేపు ఆగేవాడు. ఆ ఆగిన చోట చిన్నమ్మ నిజంగానే జవాబు చెప్పేది. వాటి టేపులన్నీ తర్వాత చిక్కులు పడి పోయాయి. ఇక డ్రాఫ్టులు ఇంటికి వచ్చేవి కావు. బజారులో ఒక కిరాణా సేటు దుకాణం చిరునామాకు వచ్చేవి. ఆయన కవరు చింపి, డ్రాఫ్టు ఒక్కటీ చిన్నమ్మ చేతికి ఇచ్చేవాడు. అప్పట్లో మా గల్లీ అందరికీ అదే పద్ధతి.

ఆ డ్రాఫ్టులు మార్చింది, ఇప్పుడు భవనం మారిన ఆ బ్యాంకులోనే.

నేను రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో పద్దులు రాస్తాను. పదో తరగతిలో బడి ఆగిపోయింది, లెక్కలు ఆగలేదు. మిగిలినవి పాత పుస్తకాలు చూసి, కూరల సంచీల కాగితాల మీద చేసుకుని నేర్చుకున్నాను. మేనేజరు నన్ను ఎరిగినవాడు. బ్రాంచి మారేటప్పుడు వెనక గదిలోని పాత కట్టలను వరుసపెట్టి, ఏ కట్టలో ఏముందో రాసి పెట్టమని అడిగాడు. ఆదివారాలూ, మార్కెట్టు లేని రోజులూ నేను అక్కడ కూర్చున్నాను. పసుపు దుమ్ముకు అలవాటు పడిన ముక్కు నాది. ఆ గది దుమ్ము వేరు, తుమ్ములు ఆగేవి కావు.

అక్కడికే డిచ్‌పల్లి యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. పై ఆఫీసు నుంచి అనుమతి కాగితం తెచ్చుకుంది. మన దేశానికీ ఒమాన్ దేశానికీ మధ్య పాత రోజుల్లో ఉన్న సంబంధాలను బ్యాంకు కాగితాల్లో వెతకడం ఆమె పని. ఒమాన్ అంటే మావాళ్లు మస్కట్ అంటారు. నిజానికి మస్కట్ దాని రాజధాని. ఆర్మూర్ బ్యాంకులో మస్కట్ ఏముంటుందని నేను అడిగాను.

"పసుపు ఉంటుంది సార్," అంది.

నిజంగానే ఉంది. అడుగు కట్టల్లో పసుపు బిల్లులు బయటపడ్డాయి. మా ఊరి అడ్తీల నుంచి బొంబాయి వ్యాపారికి సరుకు పోయినప్పుడు, డబ్బు వసూలు చేసి పెట్టమని బ్యాంకుకు ఇచ్చిన బిల్లులు. వాటిలో కొన్నింటి వెనక, సంచుల మీద వేయవలసిన గుర్తుతో పాటు "మస్కట్" అని ఉంది. బొంబాయి వ్యాపారి దాన్ని ఓడకు ఎక్కించేవాడన్న మాట. నేను రోజూ తూకం రాసే సరుకే నాకంటే ముందు సముద్రం దాటింది. ఆ అమ్మాయి ఇంకో మాట చెప్పింది. ఆ రోజుల్లో అక్కడ మన రూపాయే చెలామణి అయ్యేదట. మస్కట్ బజారులో కూరగాయలు కొన్నా, పసుపు కొన్నా రూపాయిల్లోనే. తర్వాత ఎప్పుడో వాళ్లు సొంత రియాలు పెట్టుకున్నారు. రెండు దేశాలకు ఒకే నాణెం ఉన్న కాలం ఒకటి ఉండిందని నాకు తెలియదు. మారకం రేటు లేని లెక్క ఎంత హాయిగా ఉండి ఉంటుందో అనిపించింది.

ఆ పై కట్టల్లో బొమ్మ తిరగబడింది. సరుకు పోవడం తగ్గింది, మనుషులు పోవడం మొదలైంది, డబ్బు ఇటు రావడం మొదలైంది. విదేశీ డ్రాఫ్టుల రిజిస్టర్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటి కోసం ఆమె ఎంత ఆశగా ఉందంటే, దారం విప్పేటప్పుడు నన్ను ముట్టుకోనివ్వలేదు. తేదీ, పేరు, మొత్తం, ఎక్కడి నుంచి వచ్చింది, తీసుకున్నవారి సంతకం. ఆమె ఒక పేజీ చూసింది, ఇంకో పేజీ తిప్పింది, తర్వాత వేగంగా పది పేజీలు తిప్పింది.

"సార్, మీ ఊరోళ్లు ఒమాన్‌కు పోనే లేదా?"

"పోకేమమ్మా. మా గల్లీలోనే ఉన్నరు మస్కట్ పోయొచ్చినోళ్లు."

"మరి ఇది చూడండి."

ఎక్కడి నుంచి అన్న గడిలో పైనుంచి కిందికి ఒకటే మాట. దుబాయి. దుబాయి. దుబాయి. ఒకే చేతి రాత, ఒకే నీలం సిరా. ఆ చేతిరాత నాకు తెలుసు. ఆ గుమాస్తా మా ఊరివాడే, ఎప్పుడూ బుగ్గన పాన్ ఉండేది. చదువు రాని ఆడవాళ్లకు డబ్బు లెక్కపెట్టి, కొంగున ముడి గట్టిగా వేసుకొమ్మని చెప్పి పంపేవాడు. కౌంటరు దగ్గర "ఎక్కడి నుంచమ్మా?" అని అడిగితే వాళ్లు "దుబాయి నుంచి" అనేవాళ్లు. ఆయనకూ అది సరిగ్గానే వినిపించింది. ఆయనా మా ఊరివాడే కదా.

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "దేశం పేరు తప్పు పడిన రిజిస్టర్లు ముంబయిలో చూసిన. ఊరినంతా ఒక్క దేశానికే పంపిన గుమాస్తాను ఇక్కడే చూస్తున్న," అంది.

నేను మా చిన్నమ్మ పేరు వెతుక్కున్నాను. దొరికింది. ఆమె వరుస చివర సంతకం గడిలో బొటనవేలి ముద్ర, ఆకులు కత్తిరించే కత్తెర కోసిన గీత దాని మీద అడ్డంగా పడింది. ఇప్పుడూ ఆ వేలి మీద ఆ గీత ఉంది. ఎక్కడి నుంచి అన్న గడిలో మామూలే, దుబాయి. ఇంక ఈ కాగితాల్లో నా పని అయిపోయినట్టే అనుకున్నాను.

ఇంటికి వచ్చి అన్నం తింటుంటే ఆ మొత్తాలు కళ్ల ముందు తిరిగాయి. చిన్నమ్మవి మూడు వరుసగా వచ్చాయి: ఎనిమిది వందల డెబ్బై ఆరు, పదకొండు వందల అరవై ఎనిమిది, పద్నాలుగు వందల అరవై. ఇంటికి పంపేవాడు ఎవరైనా చిల్లర లేని గుండు అంకె పంపుతాడు. ఇవి గుండు అంకెలు కావు. అంటే అవతల గుండుగా ఉండి, ఇవతలికి వచ్చేసరికి ఇలా అయ్యాయి. బడిలో గ.సా.భా. అని చెప్పించుకున్నాం, మూడింటినీ నిశ్శేషంగా భాగించే పెద్ద అంకె. చేయి కడుక్కోకుండానే వేశాను. రెండు వందల తొంభై రెండు వచ్చింది. మూడింతలు, నాలుగింతలు, ఐదింతలు. పప్పు చెయ్యి ఎండిపోయిందని మా ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు.

తర్వాతి ఆదివారం ఆ నెలల్లోని మిగతా వరుసల మీద అదే లెక్క చేశాను. గుమాస్తా అందరినీ ఒక దేశానికి పంపాడు గానీ అంకెలు ఎవరి గుంపులో వాళ్లు కూర్చున్నాయి. రెండు వందల డెబ్బై అయిదుతో పోయేవి ఒక గుంపు, మూడు వందలు దాటిన అంకెతో పోయేవి ఇంకో గుంపు, మా చిన్నమ్మ గుంపు ఒకటి. పరిశోధక అమ్మాయి తన ల్యాప్‌టాప్‌లో పాత మారకం రేట్ల సర్క్యులర్ల ఫోటోలు పెట్టుకుంది. నేను అంకె చెప్తే ఆమె దేశం వెతికేది. రెండు వందల డెబ్బై అయిదు అంటే వంద దిర్హములు: సిసలైన దుబాయి. మూడు వందల పైది కువైటు. మేము చిన్న పిల్లల్లా గెంతలేదు గానీ, మేనేజరు వచ్చి ఏమైందని అడిగేంత గట్టిగా మాట్లాడుకున్నాం.

"మీ చిన్నమ్మది చెప్పండి సార్."

చెప్పాను. ఆమె చాలాసేపు వెతికింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

"పది ఒమానీ రియాళ్లు సార్. రెండు వందల తొంభై రెండు."

"అయితే మస్కటే."

"ఆగండి. వంద సౌదీ రియాళ్లు చేసినా... అదే రెండు వందల తొంభై రెండు."

నేను నమ్మలేదు, నా కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. ఒక దేశపు పదీ, ఇంకో దేశపు వందా సరిగ్గా ఒకే ధరకు వచ్చి నిలబడ్డాయి. చిల్లర పైసల్లో ఏమైనా తేడా ఉందేమోనని దశాంశాల దాకా పోయాను. రిజిస్టరులో పైసలు రాసే అలవాటు గుమాస్తాకు లేదు. అంకెలు అంతవరకు నాకు ఎప్పుడూ అడ్డం తిరగలేదు. మనుషులు తిరిగేవాళ్లు, మార్కెట్టు ధరలు తిరిగేవి, అంకెలు మాత్రం అడిగినదానికి జవాబు చెప్పేవి. ఈసారి అడిగిన ఒక్క ప్రశ్నకు రెండు జవాబులు చెప్పి నన్ను చూస్తూ కూర్చున్నాయి.

టికెట్టు సంగతి ఏం చేయాలని చెల్లె అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది. చిన్నమ్మ నా పేరు చెప్పి తప్పించుకుంటోంది. ఇక చెప్పక తప్పదు.

మధ్యాహ్నం ఆ అమ్మాయిని కూడా భోజనానికి తీసుకుపోయాను. చిన్నమ్మ జొన్నరొట్టెలు చేసింది, వంకాయ కూర, పచ్చిపులుసు. వడ్డిస్తూ వడ్డిస్తూనే అడిగింది.

"తేలిందా కొడుకా?"

"దుబాయి కాదు చిన్నమ్మా."

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. ఇన్నేళ్లు చెప్పుకున్న మాట పోయింది గదా. "మరేది?"

"సౌదీ అన్న గావాలె, మస్కట్ అన్న గావాలె."

"ఒక్క మొగనికి రెండు దేశాలారా?"

"లెక్క గట్లనే వచ్చింది."

"గిదేం లెక్కరా! మా కార్ఖానాల నేను వెయ్యి బీడీలు ఇచ్చి, వెయ్యి అన్న గావాలె, రెండు వేలన్న గావాలె అంటే ఊకుంటరా? ఇంత చదివి, గింత దుమ్ము మింగి..." అంటూనే నాకు ఇంకో రొట్టె వేసింది. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. మా వోడు మంచోడే గని మెదడు కాగితం మీదనే ఉంటది."

అమ్మాయి నవ్వాపుకుంది. ఏదో అడగాలని ఆగుతోంది. చివరికి మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, తప్పుగా అనుకోకు. పెదనాన్నను అక్కడ ఏం చేసిండ్రో ఎవరన్న చెప్పిండ్రా?"

"చేసేదేముంటది? దహనం చేసిండ్రు. బూడిద వచ్చింది గదా."

నాకు తెలిసింది గోదావరి వరకే. "బూడిద వచ్చిందా?" అన్నాను.

"పాలపొడి డబ్బల వచ్చింది. మూతకు మైనం పెట్టి తెచ్చిండు, వాళ్ల రూముల ఉండే వేల్పూర్ మనిషి. గాయన గుడ ఇప్పుడు లేడు. చితి కాడ దగ్గరుండి సూసుకున్న వదినా, ఫికర్ జెయ్యకు అన్నడు. కట్టెలు సేట్లిచ్చిండ్రట. పైస గుడ తీసుకోలేదట."

అమ్మాయి రొట్టె కంచంలో పెట్టింది. "ఏ సేట్లు పెద్దమ్మా? అరబ్బులా?"

"నేను గట్లనే అనుకున్న. కాదు, మనోళ్లే, గుజరాతీ మాట్లాడుతరు అన్నడు. గక్కడ మనోళ్లెందుకుంటరని నేను మళ్ల అడగలే. అడిగే సోయి ఉన్నదా అప్పుడు?"

అప్పుడు ఆ అమ్మాయి చెప్పింది. సౌదీలో దహనానికి తావు లేదు. అక్కడ పోయి ఉంటే శవం ఇంటికి రావాలి, లేదా అక్కడే పూడ్చాలి. బూడిద రావడం కుదరదు. మస్కట్‌లో గుజరాత్‌లోని కచ్ఛ్ నుంచి పోయిన వ్యాపారులు తరతరాలుగా స్థిరపడి ఉన్నారు. ఓడల్లో బియ్యం, బట్టలు, మసాలాలు తెప్పించుకున్నదీ వాళ్లే, అక్కడి ఖర్జూరం ఇటు పంపిందీ వాళ్లే. వాళ్లకు అక్కడ గుళ్లు ఉన్నాయి, దహనవాటిక ఉంది. అక్కడి రాజులు ఎప్పుడో అందుకు ఒప్పుకున్నారు. తను పసుపు బిల్లుల వెనక వెతుకుతున్నది అలాంటి సేట్లనే అంది. తన అధ్యాయంలో సరుకుల పట్టీ రాసుకుందట గానీ కట్టెల సంగతి ఆమెకు ఏ కాగితంలోనూ దొరకలేదు.

నేను లెక్క మళ్లీ వేసుకున్నాను. దుబాయిలోనూ దహనవాటిక ఉందట, కానీ నా అంకె దుబాయిని కాదంది. చిన్నమ్మ డబ్బా సౌదీని కాదంది. మిగిలింది ఒక్కటే.

"మస్కట్ చిన్నమ్మా," అన్నాను.

"సత్తెమేనా? మళ్ల రెండు చెప్పవు గదా?"

"నూటికి నూరు అని చెప్ప. కాగితం మీద ఎక్కడ లేదు. తప్పుండవచ్చు."

"ఎంతుంటది తప్పు?"

"జరంత."

"జరంత తప్పు నేను చుట్టే ప్రతి కట్టల ఉంటది," అంది ఆమె. "కట్టెలిచ్చిన సేట్లున్న ఊరే గదా. అయితే గదే."

ఆ రోజు సాయంత్రం గోడ అవతల నుంచి ఫోన్లో తల్లీకూతుళ్ల మాటలు వినిపించాయి. తర్వాత ఫోన్ నా చేతికి వచ్చింది.

"అన్నా, ఏం లెక్కలు చెప్పినవే అమ్మకు? దుబాయి టికెట్ అద్దంటది, మస్కట్ తియ్యుమంటది. నేనుండేది దుబాయిల!"

"అదీ ఇదీ పక్కపక్కనే గదా చెల్లే."

"పక్కకే అన్నా. బస్సులు పోతయి. వీసా వేరే గావాలె, ఈయనకు సెలవు గావాలె. గదంత మేం జూసుకుంటం. నాకెందుకు చెప్పలే మీరిద్దరు? నాకు బాపు గాదా?"

చెల్లె అప్పుడు ఒళ్లో పిల్ల. క్యాసెట్లో జలుబు తగ్గిందా అని అడిగింది ఆమె గురించే.

చిన్నమ్మ మొదట దుబాయికే పోయింది. విమానాశ్రయంలో బరువు తూచేటప్పుడు ఆమె సంచిలో బీడీ ఆకులు కత్తిరించే కత్తెర బయటపడిందట. కూర్చుని ఏం చేస్తనని తెచ్చుకుంది. అది పెద్ద పెట్టెలో పెట్టించుకుని పోనిచ్చారు. అక్కడ రెండు వారాలు ఎత్తు మేడలు చూసి, "గీటికి మెట్లు లేవా?" అని అల్లుణ్ణి విసిగించి, చివరికి ముగ్గురూ బస్సెక్కారు. పరిశోధక అమ్మాయి ముందే ఆ వ్యాపారుల సంఘంలోని ఒక పెద్దమనిషికి మెయిల్ రాసి, దహనవాటిక దారి కనుక్కుని పంపింది. తన చదువుకు కావలసిన ప్రశ్నలు కొన్ని కూడా అందులో అడిగిందని తర్వాత ఒప్పుకుంది. ఆయన రెండింటికీ జవాబు రాశాడు.

నేను దుకాణంలో ఉండగా వీడియో కాల్ వచ్చింది. తూకం వేయించుకుంటున్న జక్రాన్‌పల్లి రైతును కాసేపు ఆగమని చెప్పి బయటికి వచ్చాను.

చెట్లు లేని రాతి గుట్టలు కనిపించాయి. వాటి కింద తెల్ల గోడ, ఒక ఇనుప గేటు, లోపల ఒక రేకుల షెడ్డు, పక్కన చక్కగా పేర్చిన కట్టెలు. నేల ఊడ్చి ఉంది. చెల్లె ఫోన్ అటూ ఇటూ తిప్పుతోంది. ఆ పెద్దమనిషి పంపిన ముసలి కాపలాదారు ఒకాయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

చివరికి చిన్నమ్మ ముఖం వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ఏడుస్తుందని అనుకున్నాను.

"ఇగో, చూసినవా?" అంది. "మంచిగున్నదిరా. ఊడ్చి పెట్టిండ్రు. నేనేమో ఇసుకల ఎక్కడనో ఒక్కన్ని పడేసి కాల్చిండ్రనుకున్న ఇన్నేండ్లు. మస్తు మందిని కాల్చిండ్రట ఈడ. ఒక్కడే లేడు."

"కూర్చున్నవా చిన్నమ్మా? మోకాళ్లు నొస్తున్నయా?"

"ఆ ముసలాయన కుర్చీ ఏసిండు. ఎవరమ్మా, ఎప్పటి మనిషి అని హిందీల అడిగిండు. మా ఇంటాయన అన్న. మేస్త్రీ అన్న. గాయన చేతులెత్తి దండం పెట్టిండురా, మీ చిన్నాయనకు."

నేను ఏదో చెప్పబోయాను. సరైన చోటే అయి ఉంటుందనీ, లెక్క ఇంకోసారి చూశాననీ. ఆమె నన్ను వినడం లేదు. తల పక్కకు తిప్పి కట్టెల వైపు చూస్తోంది.

"ఇగ ఫోన్ పెట్టెయ్ కొడుకా," అంది. "జర సేపు కూసుంట."